ఆంధ్రకేసరి, రవ్వకేసరి, ఒక 'ఒడ్డు'

మొన్న శనివారం మా చెల్లెలి కొడుకు పెళ్ళికి శుభలేఖలు చూద్దామని మద్రాసు జార్జిటౌనులో ఆండర్సన్ వీధికి వెళ్ళాం. వెంట తొమ్మిదేళ్ళ మనవరాలు. దారిలో 'ప్రకాశం శాలై' అన్న బోర్డు చూపించి, "ఈయనే మన ఆంధ్రకేసరి, టంగుటూరి ప్రకాశం పంతులు" అని చెప్పాను. ఆ రోడ్డును కండక్టర్లు ఇప్పటికీ బ్రాడ్వే అనే పిలుస్తారు, అది వేరే బాధ. పని ముగిశాక టిఫినుకు కూర్చుంటే దాని ఆకులో వేడి రవ్వకేసరి పడింది. నేతి మెరుపు, అంచున ఒకే ఒక్క జీడిపప్పు. చెంచా నోటి దాకా తెచ్చి ఆపి అడిగింది: "తాతయ్యా, ఆంధ్రకేసరి అంటే మన ఊళ్ళో చేసే కేసరా? బెల్లంతో చేస్తారా?"

సింహం అని చెప్పాను. "సింహానికీ స్వీటుకీ ఒకే పేరు ఎందుకు పెట్టారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మన గుంపులో పెద్దలెవరైనా చెప్పండి. పనిలో పనిగా నా సందేహం కూడా తీర్చండి: 'ఆంధ్రకేసరి' ఏ సమాసం?

మైలాపూరు నుంచి, తెలుగు చెప్పి రిటైరైన పంతులమ్మ:

అన్నయ్యగారూ, మీ మనవరాలు అడిగింది అసలైన ప్రశ్న. కేసరం అంటే సింహం జూలు. పువ్వు మధ్యలో సన్నగా లేచే పోగులూ కేసరాలే. జూలు కలది కనుక సింహం కేసరి. కుంకుమపువ్వు అంటే ఆ పోగులే కనుక దాని రంగు పూసుకున్న తీపి వంటకమూ కేసరి అయింది. ఇప్పుడు హోటళ్ళలో పడేది డబ్బాలోని రంగే అనుకోండి, పేరు మాత్రం నిలిచింది. అంటే రెండూ ఒకే ఇంటి పిల్లలు.

ఇక సమాసం. 'కేసరి వంటి ఆంధ్రుడు' అని ఉపమానోత్తరపద కర్మధారయం చెప్పవచ్చు. 'ఆంధ్రుల కేసరి' అని షష్ఠీ తత్పురుష కూడా కుదురుతుంది. నేను రెండో వైపు. లాలా లజపతిరాయ్‌ని పంజాబ్ కేసరి అన్నారు కదా, అక్కడ పూర్వపదం ప్రాంతమే తప్ప మనిషి కాదు. మన బిరుదూ ఆ మూసలోదే.

అన్నానగర్ నుంచి:

మూస ఒక్కటే కాదు, సందర్భమూ ఒకటే. ఇద్దరి కథలోనూ సైమన్ కమిషనే. ప్రకాశం గారు తుపాకీ ముందు నిలబడింది 1928 ఫిబ్రవరిలో, ఇక్కడే. లజపతిరాయ్ లాహోరులో లాఠీ దెబ్బలు తిన్నది అదే ఏడాది అక్టోబరులో, కన్నుమూసింది నవంబరులో.

అయితే ఒక మాట. 'స్యురుత్తరపదే వ్యాఘ్ర పుంగవర్షభ కుంజరాః' అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. పులి, ఎద్దు, ఏనుగు, సింహం లాంటి మాటలు సమాసం చివర చేరితే శ్రేష్ఠుడని మాత్రమే అర్థం. పండితపుంగవుడికి కొమ్ములుండవు. ఆ లెక్కన ఆంధ్రకేసరి అంటే ఆంధ్రులలో మేటి, అంతే. గర్జన, పంజా అన్నీ మనం తరువాత తగిలించినవి.

తాంబరం నుంచి:

పిల్లలకు 'పంతులు' దగ్గర కూడా చిక్కే. మా అబ్బాయి ప్రకాశం గారు బడిపంతులు అనుకున్నాడు. వీరేశలింగం పంతులు, నాగేశ్వరరావు పంతులు వరుసలో ఇది పేరు చివర గౌరవపదమని చెప్పాల్సి వచ్చింది. ఈయన బడి పంతులు కాదు, బారిస్టరు.

మళ్ళీ నేనే, మొదట అడిగినవాణ్ణి:

అందరికీ నమస్కారం. జూలు, పోగు సంగతి చెబితే మనవరాలు తృప్తి పడింది. నాకే తృప్తి లేదు. అమరకోశం ప్రకారం కేసరి అంటే ఉత్త శ్రేష్ఠుడే అయితే ఆ బిరుదు ఎవరికైనా సరిపోతుంది. సన్మానపత్రాలలో వెతికితే ప్రతి జిల్లాకూ ఇద్దరు కేసరులు దొరుకుతారు. ఆ రోజు పారిస్ కార్నర్ దగ్గర జరిగినదాన్ని చెప్పడానికి మనకు సొంత మాట ఒకటి ఉంది. అది నామవాచకం కాదు, క్రియ. 'ఒడ్డడం'.

జరిగింది గుర్తు చేసుకోండి. హర్తాళ్ళు, నల్లజెండాలు, కాల్పులు. గుండు తగిలి ఒకరు చనిపోయారు. ఆ శవాన్ని చూడడానికి వెళుతున్న ప్రకాశం గారిని సిపాయిలు తుపాకులతో అడ్డుకున్నారు. ఆయన చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపించి కాల్చుకోమన్నారు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్ళు. ఇందులో గర్జన ఎక్కడుంది? మీదికి దూకడం ఎక్కడుంది? చేతిలో ఏమీ లేని మనిషి తన దగ్గర మిగిలిన ఒక్కదాన్ని ముందు పెట్టాడు. రొమ్ము ఒడ్డాడు.

ఈ ఒడ్డడంలో రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. ఒకటి ఎదురు పెట్టడం: ఎదురొడ్డి నిలిచాడు అంటాం. రెండోది పణంగా పెట్టడం: ధర్మరాజు ద్రౌపదిని జూదంలో ఒడ్డాడు అంటాం. 'ప్రాణాలొడ్డి' అనేటప్పుడు రెండూ ఒకేసారి పలుకుతాయి, విడదీయలేం. ఏటి గట్టూ ఒడ్డే. నీటికి ఎదురుగా నిలిచేది కదా. (పారిస్ కార్నర్ సముద్రపు ఒడ్డునే ఉంది. ఇది కేవలం చమత్కారం, వ్యుత్పత్తి అని ఎవరూ రాసుకోకండి.)

ఈ క్రియ చేతిలో పెట్టుకుని ఆయన జీవితం చూడండి. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. పూటకూడు అన్న మాట ఇప్పటి పిల్లలకు తెలియదు, మెస్ అంటే తెలుస్తుంది. పరీక్ష రుసుము మూడు రూపాయలకు ఆమె పట్టుచీర తాకట్టు పెట్టారు. ఆ ఇంట్లో మొదటి ఒడ్డు ఆ చీర. ఆ కుర్రవాడు రాజమండ్రిలో ప్లీడరై, పురపాలక సంఘానికి అధ్యక్షుడై, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, ఇదే మద్రాసు హైకోర్టులో బాగా గడించారు. 1921లో కోర్టు వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడింటిలోనూ. గడించినదంతా అందులో పోశారు. పత్రిక నిలవలేదు, ఆస్తీ నిలవలేదు.

పదవులూ అంతే. 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. అవును, అప్పట్లో రాష్ట్రంలో ఆ పదవిని అలాగే పిలిచేవారు, ముఖ్యమంత్రి అన్న పేరు తరువాతిది. కొత్త మిల్లులు వద్దు, చేనేత, ఖద్దరు కావాలని పట్టుబట్టారు. ఏడాది తిరగకుండానే, 1947 మార్చిలో సొంత పార్టీవారే దించారు. నా మటుకు నాకు ఆ మిల్లుల పట్టుదల సరైనదని అనిపించదు. కానీ పదవి కోసం మాట మార్చుకునే మనిషి కాదన్నది మాత్రం అందులో కనబడుతుంది. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. అప్పటికి ఎనభై ఒకటి దాటాయి. మద్రాసు ఆంధ్రులకు రావాలని అడిగిన మనిషి, మద్రాసు లేని రాష్ట్రానికి, గుడారాల్లో ప్రభుత్వ కచేరీలు నడిచిన రాజధానిలో.

పంతులమ్మ:

ఒప్పుకున్నాను. అయితే అన్నయ్యగారూ, ఆ కర్నూలు ప్రభుత్వం ఎలా పడిందో కూడా చెప్పండి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో అవిశ్వాసం నెగ్గింది, ఒక్క ఓటు తేడాతో. ఓటు అన్న ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చేసరికి ఇక్కడ అప్పటికే మరో ఓటు ఉంది. ఓటి కుండ, ఓటుపడ్డ గిన్నె. ఓటమికి కూడా దగ్గరగా వినిపిస్తుంది. క్లాసులో ఈ ముక్క చెబితే వెనక బెంచీ కూడా నవ్వేది.

పెరంబూరు నుంచి:

నేను తమిళ మీడియంలో చదివాను, కనుక తప్పయితే సరిదిద్దండి. తమిళంలో 'ఒట్టు' అన్న క్రియకు అతికించడం ఒక అర్థం. పాత తమిళంలో పందెం కట్టడం అన్న అర్థమూ ఉంది. మన 'ఒట్టు వేయడం' కూడా ఆ చుట్టుపక్కలదేనా? ఒట్టు, ఒడ్డు అక్కచెల్లెళ్ళా, లేక పోలిక మాత్రమేనా?

ఇంకొకటి. మీరు టిఫిను తిన్న చోటు నుంచి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద తూర్పుకు నడిస్తే వచ్చేది రాజాజీ శాలై. రాజకీయాల్లో తరచు పడని ప్రకాశం, రాజాజీ ఇద్దరూ రోడ్లుగా పక్కపక్కనే ఉన్నారు. మధ్యలో పారిస్ కార్నర్. హైకోర్టు ఎదురుగా.

అన్నానగర్ నుంచి:

ఒడ్డాణాన్ని కూడా ఈ జాబితాలో కలుపుతారేమో అని ముందే చెబుతున్నాను, కలపకండి. మాట పోలిక చూసి చుట్టరికం చెబితే ఈ గుంపులో సగం పెళ్ళిళ్ళు చెడతాయి.

కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీని మాత్రం కలుపుకోవచ్చు. 1952లో పాత ఆనకట్ట తెగాక కట్టినది, 1957లో పూర్తయింది. ఆయన ఆ ఏడాది మే 20నే పోయారు. నీటికి ఒడ్డిన కట్టడానికి ఆయన పేరు పెట్టినవారు మన చర్చ చదివి ఉండరు గానీ, సరిపోయింది.

మొదట అడిగినవాణ్ణి:

పెరంబూరు తమ్ముడూ, మీ దగ్గర తమిళ నిఘంటువు ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టండి. ఒట్టు సంగతి అది చూశాకే మాట్లాడతాను. పంతులమ్మగారూ, ఓటి కుండ ముక్క నా డైరీలో రాసుకున్నాను.

బెల్లంతో కేసరి కుదురుతుందా లేదా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. రంగు నల్లగా వస్తుందని మా ఆవిడ, వచ్చినా ఫరవాలేదని మనవరాలు. ఆదివారం చేస్తారట.