బర్మా యుద్ధ పతకానికి ఉక్కు రింగు బదులు వెండి కడ్డీ ఉంటే దానిని మార్పించవచ్చునా?

ప్రశ్న: కాకినాడ సేకర్త

అందరికీ నమస్కారం. మొదటి బర్మా యుద్ధంలో (1824–26) పాల్గొన్న దేశీయ సిపాయిలకు ఈస్టిండియా కంపెనీవారు ఇచ్చిన వెండి పతకమొకటి ఇటీవల నా సేకరణలో చేరింది. ఒకవైపు సింహం ఎదుట మోకరిల్లిన ఏనుగు, రెండవవైపు రంగూన్‌లోని పెద్ద పగోడాపై దాడి దృశ్యం ఉన్నాయి. ఏనుగు తల, సింహం జూలు బాగా అరిగి నున్నగా తయారైనా మిగిలిన బొమ్మ స్పష్టంగానే కనిపిస్తున్నది.

నా సందేహమంతా రిబ్బనుకు తగిలించే భాగం గురించే. ఈ పతకం పైఅంచుకు ఉక్కు క్లిప్పును, అందులో ఒక పెద్ద ఉక్కు రింగును అమర్చి ఇచ్చేవారని చదివాను. నా పతకానికి అవేవీ లేవు. వాటికి బదులు అంచును రెండువైపులా గోళ్ళతో పట్టుకున్నట్లున్న చిన్న వెండి పట్టీ, దానిపై అటూ ఇటూ తిరిగే అడ్డకడ్డీ ఉన్నాయి. అమ్మిన వ్యాపారి తన వద్ద పాత ఉక్కు క్లిప్పు, రింగు ఉన్నాయని, కడ్డీని ఊడదీసి వాటిని బిగిస్తే పతకానికి అసలు రూపం వస్తుందని, ధర కూడా పెరుగుతుందని అంటున్నారు. ఈ పని చేయించడం మంచిదేనా? ఈ కడ్డీ ఏ కాలంలో వేయించినదో తెలుసుకునే మార్గమేమైనా ఉన్నదా? రిబ్బను మాత్రం చూడగానే కొత్తదని తెలిసిపోతున్నది.

సమాధానం: పాత పతకాలవాడు

ముందుగా ఆ వ్యాపారి చేత ఏ పనీ చేయించవద్దని మనవి. కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

ఉక్కు క్లిప్పు, రింగు ఏర్పాటు బర్మా పతకంతో మొదలైనది కాదు. 1815 నాటి వాటర్లూ పతకానికి బ్రిటిషు ప్రభుత్వం అమర్చినదీ అదే. అంచులలో నీలం పట్టీలున్న ఆ ముదురెరుపు రిబ్బను కూడా రెండింటికీ ఒకటే. వాటర్లూ పతకాలను అందుకున్నవారిలోనే అనేకులు ఆ ఉక్కు రింగును తీయించి, సొంత ఖర్చుతో వెండి కడ్డీలనో, లతల నగిషీ ఉన్న కొక్కాలనో వేయించుకున్నారు. ఉక్కు తుప్పు పట్టి రిబ్బనును పాడుచేస్తుంది. పైగా అంత పెద్ద గుండ్రని రింగులో వెడల్పు రిబ్బను సరిగా పరుచుకోక ముడుచుకుపోతుంది. సముద్రం దాటి రంగూన్ వెళ్ళి, తిరిగి వచ్చి మద్రాసు తీరపు కంటోన్మెంట్లలో ఉప్పుగాలిలో కొలువు చేసిన సిపాయికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువే అయి ఉండాలి.

ఇంకొక కారణం కూడా ఉండవచ్చునని నా ఊహ. అఫ్ఘానిస్థాన్‌లోని గజ్నీ కోట యుద్ధానికి ఇచ్చిన 1839 నాటి గజ్నీ పతకానికి, 1842 నాటి చైనా పతకానికి నేరుగా ఉండే అడ్డకడ్డీలు వచ్చాయి. చైనా యుద్ధానికి కూడా మద్రాసు దళాలు వెళ్ళాయి. రెండు యుద్ధాలూ చూసిన సుబేదారు తన రెండు పతకాలను పక్కపక్కన ధరించినప్పుడు ఒకటి రింగుకూ ఇంకొకటి కడ్డీకీ వేలాడుతుంటే రెండూ ఒక వరుసలో నిలవవు. అటువంటివాడు పాతదానికి కూడా కడ్డీ వేయించుకున్నాడంటే అందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

అందుచేత సేకరించేవారు తేల్చుకోవలసినది కడ్డీ అసలైనదా కాదా అన్నది కాదు. ధరించినవాని కాలంలో వేసినదా, లేక తరువాత అమ్మకం కోసం వేసినదా అన్నది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే దీనికి చాలావరకు పతకమే జవాబు చెబుతుంది. ఏనుగు తల అరిగిందని మీరు వ్రాశారు. పట్టీ గోళ్ళ అంచులను వేలితో తడిమి చూడండి. అవి కూడా అంతే నున్నగా ఉంటే పతకమూ పట్టీ కలిసి ఏళ్ళ తరబడి కోటుకు రాసుకున్నాయని అర్థం. ఏనుగు అరిగిపోయి గోళ్ళు మాత్రం పదునుగా ఉంటే పట్టీ ఆలస్యంగా వచ్చిందన్నమాట. కడ్డీ తిరిగే ఇరుసు దగ్గర రంధ్రం గుండ్రంగా ఉన్నదా, ఒకవైపు లాగినట్లు కోలగా అయిందా చూడండి. చాలాకాలం వేలాడినది కోలగా అవుతుంది. చివరగా పట్టీకి ఇరువైపులా అంచు మీద గోధుమరంగు తుప్పు మరక గాని, పట్టీ కన్నా వెడల్పుగా మరొక పట్టు వదిలిన నొక్కుడు గుర్తు గాని ఉన్నదేమో వెదకండి. అది మొదటి ఉక్కు క్లిప్పు జాడ కావచ్చు.

ఈ పతకాలను అంచు మీద పేర్లు వేయకుండానే ఇచ్చారు. వాటర్లూ పతకానికైతే అంచు మీద సైనికుని పేరు, దళం ముద్రించి ఉంటాయి కనుక దాని చరిత్రను కాగితాలలో వెదకవచ్చు. బర్మా పతకానికి ఆ దారి లేదు. దానిని ధరించిన మనిషి గురించి ఏదైనా చెప్పగలిగే సాక్ష్యం ఈ అరుగుదల, ఈ కడ్డీ మాత్రమే. దానిని ఊడదీసి ఎక్కడిదో పాత ఉక్కు రింగు తగిలిస్తే వచ్చేది అసలు రూపం కాదు, రెండు వేర్వేరు పతకాల భాగాలతో కూర్చిన మూడవ వస్తువు.

సమాధానం: వెండిపని

నేను నాణేలు సేకరించేవాడిని కాను. వృత్తి నగల మరమ్మతు. పాత సామాను చేతికి వచ్చినప్పుడు మేము మొదట చూసేది టంకం, అంటే లోహపు ముక్కలను అతికించడానికి కరిగించి పోసే లోహం. పట్టీ అంచుకు తాకేచోట బూడిదరంగులో, మెత్తగా, గోరుతో గీస్తే గీత పడేటట్లు ఉంటే అది సీసం, తగరం కలిపిన టంకం. తెల్లగా, గట్టిగా, వెండితో కలిసిపోయి ఉంటే వెండి టంకం. మొదటిది రెండు వందల డిగ్రీల లోపే కరుగుతుంది. రెండవదానికి ఆరు వందలు దాటాలి. అయితే టంకం రకాన్ని బట్టి మాత్రమే కాలం తేల్చవద్దు, ఎందుకంటే రెండు పద్ధతులూ పాతవే.

ప్రమాదం వేరేచోట ఉన్నది. సీసం టంకం ఉన్న వెండిని తెలియక ఎర్రగా కాల్చితే సీసం వెండిలోకి దిగి గుంటలు పడేలా తినేస్తుంది. ఆ గుంటలను పూడ్చడం ఎవరి తరమూ కాదు. కడ్డీని ఊడదీస్తామన్నవారు గ్యాసు మంట పెడతారో ఏం పెడతారో మీరు పక్కన ఉండి చూడలేరు గదా. గోళ్ళను కేవలం నొక్కి బిగించినట్లయితే, టంకం లేకుండా ఇరుసుతో పట్టించినట్లయితే వేడి అవసరమే లేదు, కాని వంచిన పాత వెండి మళ్ళీ వంచితే చిట్లుతుంది.

మరొక మాట. మన ఇళ్ళలో వెండి కంచాలు తోమినట్లు చింతపండుతో గాని, పళ్ళపొడితో గాని దీనిని తోమవద్దు. మిగిలిన ఆ కాస్త బొమ్మా అరిగిపోవడమే కాక, పైన చెప్పిన తుప్పు మరకలు కూడా పోతాయి.

సమాధానం: ఉత్తరాంధ్ర

పైవారి వాదనతో కొంతవరకే ఏకీభవిస్తాను. మార్పు జరిగిన ప్రతిదానినీ చరిత్ర అని గౌరవించనక్కరలేదు. ముఖం మీద పిన్ను అతికించి బ్రోచిగా వాడి, తరువాత పిన్ను పీకేసి, మచ్చ కనబడకుండా సానపట్టి, కొత్త కడ్డీ వేసి అమ్మినవి నేను చూశాను. అటువంటిచోట కడ్డీ వేసింది సిపాయి కాదు, లోపాన్ని కప్పిపుచ్చదలచిన అమ్మకందారు. అలా తేలితే దానిని తీసివేయడంలో తప్పేమీ లేదు. ముఖాలు రెండింటినీ ఏటవాలు వెలుతురులో తిప్పి చూడండి. సానపట్టినచోట తలం పల్లంగా, మిగిలినచోటికన్నా మెరుపుగా కనిపిస్తుంది. వెర్నియర్ కొలపరికరంతో వ్యాసం కూడా కొలవండి. ఒకటిన్నర అంగుళాలకు దగ్గరగా ఉండాలి. అసలు పతకం నుండి అచ్చు తీసి పోతపోసిన నకళ్ళు, వెండి చల్లారేటప్పుడు కుదించుకుపోవడం వల్ల, కాస్త చిన్నవిగా వస్తాయి.

సమాధానం: లండన్ నుండి తెలుగువాడు

ధర గురించి ఒక మాట. ఇక్కడి వేలం పట్టికలలో అసలు ఉక్కు క్లిప్పుతో ఉన్నదానికి ఎక్కువ పలుకుతుందన్నది నిజం. అయితే ఆ పట్టికలలోనే మార్చిన అమరిక అని, తరువాత వేసిన కడ్డీ అని స్పష్టంగా వ్రాస్తారు. మార్చిన విషయం దాచి అసలుదని అమ్మడం మోసమే అవుతుంది. చెప్పి అమ్మితే ఆ ఎక్కువ ధర రాదు. అప్పుడు వ్యాపారిగారి లెక్క ఎక్కడ కుదురుతుందో నాకు అర్థం కాలేదు.

పరిశీలనకో అమ్మకానికో విదేశాలకు పంపే ఆలోచన ఉంటే మానుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను దేశం నుండి వ్యక్తులు సొంతంగా బయటికి పంపడానికి వీలులేదు. మీ పతకానికి దాదాపు రెండు వందల ఏళ్ళు.

ఇక ఒక ఉపకథ. ఆ యుద్ధంలో ఇంగ్లీషు సోల్జర్లకు ఈ పతకం ఇవ్వలేదు. అప్పటి బర్మా రాజ్యం పేరైన ఆవా అని వ్రాసిన పట్టీ రిబ్బను మీద ఉండే వేరొక పతకం 1851లో మంజూరయ్యే నాటికి వారిలో ఎంతోమంది చనిపోయారు. మద్రాసు నుండి దళాలనూ సరుకులనూ నడిపిన గవర్నరు థామస్ మన్రో కూడా 1827లోనే మన పత్తికొండలో కన్నుమూశాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం సిపాయిలే ముందున్నారు.

కాకినాడ సేకర్త

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే పరిశీలించాను. వ్యాసం సరిగానే ఉన్నది. ముఖాల మీద సానపట్టిన జాడ కనబడలేదు. గోళ్ళ అంచులు బాగా అరిగి పతకంతో సమానంగా ఉన్నాయి. ఇరుసు రంధ్రం కోలగా అయింది. పట్టీకి ఎడమవైపు అంచు మీద సన్నని గోధుమరంగు చార ఉన్నది గాని, అది తుప్పో మురికో నిశ్చయంగా చెప్పలేను. కడ్డీని అలాగే ఉంచుతానని వ్యాపారికి చెప్పేశాను. ఇక మిగిలింది రిబ్బను. దానినైనా మార్చవచ్చునా?

పాత పతకాలవాడు

నిరభ్యంతరంగా మార్చండి. రిబ్బను చిరిగినప్పుడల్లా మార్చుకోవడం ధరించినవారే చేసిన పని. అయితే ఇప్పుడున్నదానిని పారవేయకుండా అతినీలలోహిత టార్చి కింద ఒకసారి చూడండి. తెల్లని నీలికాంతితో మెరిస్తే ఇటీవలి కృత్రిమ నూలు అయి ఉండవచ్చు. కొత్తది పట్టుదే తీసుకోండి, ఒకటిన్నర అంగుళం వెడల్పు. మీ కడ్డీ లోపలి వెడల్పు ముందుగా కొలుచుకోండి. చేతితో చేయించిన కడ్డీలు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలతలో ఉంటాయి. ఇరుకైనదానిలో వెడల్పు రిబ్బను బలవంతంగా దూర్చితే ఇరుసు మీద భారం పడుతుంది. అవసరమైతే రిబ్బను అంచులను వెనక్కి మడిచి కుట్టించండి, కడ్డీని మాత్రం సాగదీయించకండి.