విత్తనాలకు గొలుసు కుదువ పెట్టాలి: బ్యాంకులోనా, సేటు దగ్గరా?

ధర్మవరం రైతు: శనక్కాయ విత్తనాలకు లక్ష తక్కువ పడింది. మా ఇంటామె గొలుసు ఉంది, రెండు తులాలు. సేటు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటున్నాడు. బ్యాంకువాళ్లు రేపు రమ్మంటున్నారు. ఏది మేలు?

కడప77: బ్యాంకే. సేటు దగ్గర లక్షకు నెలకు రెండు వేలు, ఏడాదికి 24,000. బ్యాంకులో తొమ్మిది శాతం పడినా 9,000. ఇంకేం కావాలి?

ప్రొద్దుటూరు బజారు: నేలలో పదును ఆరిపోతే ఆ మిగులు ఏం చేసుకోవాలన్నా? సేటు తూకం వేసిన వెంటనే డబ్బు చేతిలో పెడతాడు.

కడప77: తాకట్టు చీటీ ఇస్తాడా? 1943 నాటి తాకట్టు వ్యాపారుల చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే. మా ఊళ్లో తెల్లకాగితం మీద బరువు గీకి ఇస్తారు, అంతే.

ప్రొద్దుటూరు బజారు: బ్యాంకులో బంగారం తూచి విలువ కట్టే అప్రైజర్ మాత్రం? మా చెల్లెలి నెక్లెస్‌లో రాళ్లకని నాలుగు గ్రాములు తీసేశాడు.

గుత్తి కుర్రోడు: రాళ్లకు అప్పు ఎవరిస్తారు బ్రో.

ప్రొద్దుటూరు బజారు: నాలుగు గ్రాముల రాళ్లు అందులో ఎక్కడున్నాయో చూపించు!

కడప77: మళ్లీ రాళ్లేనా? సేటు నీకేమన్నా కమీషన్ ఇస్తాడా?

ప్రొద్దుటూరు బజారు: మాట జారొద్దు. మా అమ్మ గాజులు నాయన బ్యాంకులో పెట్టినాడు. గడువు దాటింది. నోటీసు పాత ఇంటికి పోయింది. అమ్మకు తెలిసేసరికి వేలం అయిపోయింది. గాజులు లేని చేతిని కొంగులో దాచుకుని పెళ్లిళ్లకు పోయేది. సేటయితే ఇంటికొచ్చి అడిగుండేవాడు.

ఆదోని అక్క: లోను ఎవరి పేరు మీద తమ్ముడూ?

ప్రొద్దుటూరు బజారు: నాయన పేరు మీద.

ఆదోని అక్క: గాజులు అమ్మవి, కాగితం నాయనది, మెసేజ్ నాయన ఫోనుకు. సేటు అయినా ఆయన్నే అడిగేవాడు. నా గొలుసు రెండుసార్లు పెట్టినా. రెండుసార్లూ నా పేరు, నా ఫోను నంబరు. గడువు తేదీ క్యాలెండర్ మీద నేనే రాసుకున్నా.

కడప77: ఇంటి గొడవలు బ్యాంకుకు చుట్టొద్దు. రిజర్వ్ బ్యాంకు కొత్త రూల్స్‌లో వేలం పోగా మిగిలిన డబ్బు మనకే ఇవ్వాలి. అప్పు తీర్చాక ఏడు పనిదినాల్లో నగ ఇవ్వకుంటే, తప్పు వాళ్లదైతే, రోజుకు 5,000 కట్టాలి.

ప్రొద్దుటూరు బజారు: మిగిలిన డబ్బు ఇస్తారు. గాజులు ఇస్తారా?

ఆదోని అక్క: ధర్మవరం అన్నా, వదినను అడిగినావా?

ధర్మవరం రైతు: లేదక్కా. చేలో ఉంది. సాయంత్రం అడుగుతా. సరేనంటే రేపు ఇద్దరం బ్యాంకుకు పోతాం, ఆమె పేరు మీదే రాయిస్తా.