బ్రేక్ పనికి షెడ్డువాళ్లు వేసిన బిల్లు సబబేనా? లైన్లు చూసి చెప్పండి

రెండో_గేరు:
ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న చిన్న పెట్రోల్ కారు. 62,000 కి.మీ. తిరిగింది. షెడ్డులో చెప్పిన కంప్లైంట్లు రెండే: మెల్లగా ఆపేటప్పుడు కీచుమని చప్పుడు, 80 స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణకడం. బిల్లులో ఇవి ఉన్నాయి:

ముందు ప్యాడ్లు 1 సెట్టు
ముందు డిస్కులు 2
ముందు క్యాలిపర్లు 2
డాట్ 4 బ్రేక్ ఆయిల్ 1 లీటరు
ప్యాడ్ల లేబర్ 1.5 గంటలు
డిస్కుల లేబర్ 2 గంటలు
క్యాలిపర్ల లేబర్ 2 గంటలు
ఆయిల్ మార్చి ఎయిర్ తీసినందుకు 1 గంట
వెనక డ్రమ్ముల క్లీనింగ్, షూల అడ్జస్ట్‌మెంట్ 1 గంట
బ్రేక్ క్లీనర్, గ్రీజు

ఇప్పుడు బ్రేకులు బాగానే పడుతున్నాయి. పాత సామాను అడిగి తెచ్చుకున్నాను. స్పేర్ల రేట్లు పార్ట్ నంబర్లు పెట్టి నేనే చూసుకోగలను. వీటిలో ఏది అవసరమైన పని, ఏది అదనం అన్నదే తేలడం లేదు.

స్పానర్_12:
ముందు లేబర్ చూడండి, స్పేర్ల సంగతి తర్వాత. ప్యాడ్లు, డిస్కులు, క్యాలిపర్లు మూడూ ఒకే చక్రం దగ్గర ఒకే విప్పుడులో అయ్యే పనులు. డిస్క్ బయటికి రావాలంటే చక్రం, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్, దాని బ్రాకెట్ ఎలాగూ ఊడాలి. అవి ఊడాక ప్యాడ్లు చేతికే వస్తాయి. కాబట్టి డిస్కులు మార్చిన చోట ప్యాడ్లకు విడిగా గంటన్నర వేయడం ఒకే పనికి రెండుసార్లు తీసుకోవడమే. క్యాలిపర్ల లేబర్లో కూడా న్యాయంగా ఉండాల్సింది ఆయిల్ వచ్చే హోస్ పైపు విప్పి బిగించే సమయం, ఆపైన ఆయిల్ లైన్లో చేరిన ఎయిర్ తీయడం. ఎయిర్ తీయడానికి మళ్లీ వేరే గంట ఉంది కదా.

ముందు పనికి మీ బిల్లులో మొత్తం ఆరున్నర గంటలు పడ్డాయి. బోల్టులు సతాయించకపోతే మూడు, మూడున్నర గంటల్లో అయిపోవాలి. తుప్పు పట్టి డిస్క్ చక్రం బిగించే హబ్‌కి అంటుకుపోయినా, స్క్రూ తల అరిగిపోయినా ఇంకో అరగంట ఒప్పుకోవచ్చు. అప్పుడు కూడా ఆ మాట బిల్లులో రాయాలి.

డిస్క్_మందం:
లేబర్ గురించి పైన చెప్పింది నిజమే. స్పేర్ల విషయంలో అందాజాగా మాట్లాడుకోవడం అనవసరం, పాతవి మీ దగ్గరే ఉన్నాయిగా. కొలవండి.

ప్యాడ్లు: వెనక ఉన్న ఇనుప ప్లేటు వదిలేసి, రాపిడి పదార్థం మందం ఒక్కటే చూడండి. కొత్తదానికి సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చాల్సిందే. నాలుగు ప్యాడ్లూ విడివిడిగా కొలిచి, ఏది లోపలిదో, ఏది బయటిదో రాసుకోండి. క్యాలిపర్ల సంగతి ఈ తేడాలోనే బయటపడుతుంది.

డిస్కులు: అంచు మీదో మధ్య టోపీ భాగం మీదో కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. అంతకంటే తగ్గితే లేత్ పట్టించడానికి (పైపొర చెక్కి సాపు చేయడానికి) కూడా పనికిరాదు. ప్యాడ్లు, డిస్కులు కుడి ఎడమలకు జతగా మార్చడం సరైన పద్ధతే, దాన్ని తప్పుపట్టకండి.

రెండో_గేరు:
కొలిచాను. కుడి ప్యాడ్లు లోపల 4, బయట 4. ఎడమవి లోపల 1.5, బయట 5. డిస్క్ మీద కనీసం 20 అని ఉంది. రెండు డిస్కులూ వెర్నియర్‌తో 21.8 చూపిస్తున్నాయి. అంటే డిస్కులు ఊరికే మార్చినట్టే కదా?

డిస్క్_మందం:
తొందరపడకండి. ఆ 21.8 డిస్క్ అంచు కొలత అయ్యుంటుంది. ప్యాడ్ తగలని చోట డిస్క్ అరగదు, అంచు చుట్టూ సన్నటి గట్టు మిగులుతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుంటే ఎంత అరిగిన డిస్కయినా కొత్తదానిలాగే కనిపిస్తుంది. మైక్రోమీటర్ దొరికితే గట్టు దాటి లోపల, చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి. లేకపోతే మందం తెలిసిన రెండు వాషర్లు డిస్కుకు అటొకటి ఇటొకటి ఆనించి, వాటి మీద వెర్నియర్ పెట్టి, వాషర్ల మందం తీసేయండి. వణుకు సంగతికి మాత్రం మైక్రోమీటరే కావాలి. ఒకే డిస్కులో చోటుచోటుకీ 0.02 మి.మీ. తేడా ఉన్నా స్టీరింగ్‌లో తెలిసిపోతుంది.

డ్రమ్ము_మూత:
వెనక పని గురించి ఎవరూ మాట్లాడలేదు. 62,000కి డ్రమ్ములు విప్పి దుమ్ము తీసి షూలు సర్దడం మంచి పనే, దానికి గంట ఎక్కువేం కాదు. విప్పిన మనిషి షూలను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి తడి ఉందేమో చూశాడా అని అడగండి. అక్కడ ఆయిల్ కారితే షూలు తడిసి పాడైపోతాయి.

ఆయిల్ లీటరు సబబే. క్యాలిపర్ విప్పాక ఎయిర్ తీయక తప్పదు, డాట్ 4 ఎలాగూ రెండేళ్లకోసారి మార్చాలి. అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది. కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండే మరుగు స్థానం, 3.7 శాతం నీరు చేరేసరికి 155 వరకు దిగిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా పెడల్లో తెలుస్తుంది. ఇదే ప్యాడ్లు మాత్రమే మార్చిన బిల్లయితే ఎయిర్ తీసే లైను ఎందుకని నిలదీయొచ్చు, ఆ పనిలో ఆయిల్ లైను తెరవరు.

రెండో_గేరు:
మైక్రోమీటర్ దొరికింది. గట్టు లోపల కుడి డిస్క్ 20.35 నుంచి 20.38, ఎడమది 20.21 నుంచి 20.26. ఎడమ క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ రబ్బరు చిరిగి ఉంది, లోపల ఎర్రటి తుప్పు. కుడిది శుభ్రంగా ఉంది.

డిస్క్_మందం:
అయితే డిస్కుల విషయంలో షెడ్డువాళ్లదే రైటు. 20 దాటే ఉన్నాయి గానీ కొత్త ప్యాడ్లు అరిగేలోపు అవి లిమిట్ కిందకు పోతాయి. లేత్ పట్టిస్తే మిగలవు. పైగా రెండింటిలోనూ 0.02 దాటిన తేడా ఉంది, వణుకు అందుకే.

ఎడమ క్యాలిపర్ కూడా న్యాయమే. లోపలి ప్యాడ్ మాత్రమే అరిగిందంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేశాయి. పిన్నులే అయితే బూట్ల కిట్టు, కాస్త సిలికాన్ గ్రీజుతో సరిపోయేది. పిస్టన్‌కి తుప్పు పట్టాక మార్చడమే మేలు. హోస్ పైపు లోపల మూసుకుపోయి ఉంటే ఆ చక్రానికి రెండు ప్యాడ్లూ అరిగేవి, కాబట్టి అనుమానం అటు పోనక్కర్లేదు.

కుడి క్యాలిపర్‌కే ఆధారం లేదు. రెండు ప్యాడ్లూ సమంగా 4, బూటు బాగుంది. క్యాలిపర్లు జతగా మార్చేవాళ్లూ ఉన్నారు గానీ ప్యాడ్లలా అది తప్పనిసరి కాదు, ముందే అడిగి మార్చాల్సింది.

స్పానర్_12:
మొత్తం బిల్లు తగ్గించమంటే ఎవరూ వినరు. రెండే లైన్ల మీద మాట్లాడండి: ప్యాడ్ల లేబర్ గంటన్నర, కుడి క్యాలిపర్. కొలతల కాగితం, పాత కుడి క్యాలిపర్ పట్టుకెళ్లండి. కొత్త డిస్కులు పెట్టేముందు హబ్ ముఖం తుప్పు గీకారా, వీల్ నట్లు టార్క్ రెంచితో బిగించారా అనేది కూడా అడగండి. హబ్ మీద పొరగా తుప్పు మిగిలినా డిస్క్ వంకరగా కూర్చుని, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అదే వణుకు మళ్లీ మొదలవుతుంది. హబ్ గీకలేదంటే మళ్లీ విప్పి చేయాల్సింది వాళ్లే, దానికి లేబర్ ఇవ్వకండి.

ఇంకోటి, ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి ఎనిమిది పదిసార్లు స్పీడు తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి. వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ తొక్కి ఉంచొద్దు, ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడిపోతుంది.

రెండో_గేరు:
ఫోన్లో మాట్లాడాను. ప్యాడ్ల లేబర్ తీసేస్తామన్నారు. కుడి క్యాలిపర్ చూపించమన్నారు, శనివారం తీసుకెళ్తున్నాను. హబ్ గీకారో లేదో ఆ పని చేసిన కుర్రాడినే అడగాలట.