మగ్దలేనే మరియకు ఆ ముద్ర ఎవరు వేశారు?

గౌతమి తీరం: మొన్న ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో మా బోధకుడు, ఖాళీ సమాధి దగ్గర ఏడుస్తూ నిలిచిన మగ్దలేనే మరియను పరిచయం చేస్తూ, ఆమె ఒకప్పుడు వేశ్య అన్నారు. ఇంటికి వచ్చి నాలుగు సువార్తలూ తిరగేశాను. ఆ మాట ఎక్కడా లేదు. ఏడు దయ్యాలు వదలిపోయిన స్త్రీ అని, తన ఆస్తితో యేసుకు, శిష్యులకు ఉపచారం చేసినవారిలో ఒకరని లూకా 8వ అధ్యాయం చెబుతోంది, అంతే. మరి ఈ ముద్ర ఎక్కడిది? దాన్ని ఆమెపై ఇంకా మోపడం న్యాయమేనా?

పాత చదువరి: దానికి ప్రధాన మూలం 591 ప్రాంతంలో రోములో పోపు మొదటి గ్రెగరీ చేసిన ప్రసంగం. లూకా 7లో యేసు పాదాలను కన్నీళ్లతో తడిపి తలవెంట్రుకలతో తుడిచిన పేరులేని స్త్రీ, లాజరు సహోదరియైన బేతనియ మరియ, మగ్దలేనే మరియ ముగ్గురూ ఒక్కరేనని ఆయన చెప్పి, ఏడు దయ్యాలంటే సమస్త దుర్గుణాలని వ్యాఖ్యానించారు. అయితే ఆయనను స్త్రీద్వేషి అని తీసిపారేయడం తొందరపాటే అవుతుంది. తనకు ముందున్న పోపు ప్లేగు సోకి మరణించగా 590లో ఆ పీఠమెక్కిన ఆయన, ఎంతటి పాపికైనా తిరిగివచ్చే దారి ఉందని భయపడిన జనానికి చెప్పదలచుకున్నారు. పైగా తలవెంట్రుకలతో పాదాలు తుడిచిందని యోహాను బేతనియ మరియ గురించి కూడా రాశాడు కనుక, ఆ కలగాపులగానికి కొంత ఆస్కారం లేకపోలేదు.

గౌతమి తీరం: చదువరి గారూ, ఉద్దేశం మంచిదైనంత మాత్రాన లేని ఆధారం పుట్టదు కదా. ఆ పేరులేని స్త్రీని "సమాధానము గలదానవై వెళ్లుము" అని పంపిన మాట లూకా 7:50లో ఉంది. 8:2లోనే మగ్దలేనే మరియ, మనం ఇంతకుముందెన్నడూ చూడని మనిషిలా, పేరుతో, ఊరితో సహా ప్రవేశిస్తుంది. ఇద్దరూ ఒకరే అయితే ఆ ముక్క చెప్పడానికి లూకాకు అడ్డేమిటి? (ఆ మొదటి స్త్రీ విషయంలోనూ "పాపాత్మురాలు" అనే ఉంది, ఏ పాపమో చెప్పలేదు, వేశ్య అని పూరించుకున్నది మనమే.) తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు ఈ ముగ్గురినీ ఏనాడూ కలపలేదు, మగ్దలేనే మరియను అపొస్తలులతో సమానురాలిగానే గౌరవిస్తున్నాయి.

పాత చదువరి: ఆ వాదన ఒప్పుకుంటున్నాను, కానీ పశ్చిమ సంఘం ఆమెను కేవలం దించేసిందనడం సరికాదు. మధ్యయుగాల్లో ఆమెను "అపొస్తలులకు అపొస్తలురాలు" అనీ పిలిచారు. 12వ శతాబ్దపు సెయింట్ ఆల్బన్స్ కీర్తనల గ్రంథంలో ఆమె ఒక పక్క నిలబడి వేలెత్తి యేసు లేచాడన్న వార్త చెబుతుంటే శిష్యులు గుంపుగా వింటుంటారు. ఆ తర్వాత 15వ శతాబ్దంలో డోనటెల్లో చెక్కిన కొయ్య విగ్రహం చూస్తే, బక్కచిక్కిన ఒంటి నిండా జుట్టు కప్పుకుని ఉంటుంది. ఆ రూపం ఎడారిలో తపస్సు చేసిన ఐగుప్తు మరియ కథ నుండి వచ్చింది. అంటే నాలుగో స్త్రీ కూడా వచ్చి చేరిందన్నమాట.

కొండవీటి: ఒక్కరా, ముగ్గురా అన్న తగువు కొత్తది కాదు. 1517లో ఫ్రెంచి పండితుడు లెఫెవ్ర్ వారు వేర్వేరని రాస్తే, 1521లో పారిస్ వేదాంతులు ఆ అభిప్రాయాన్ని ఖండించారు. కతోలిక సంఘం 1969 పండుగల పంచాంగ సవరణలో, ఆమె స్మరణదినమైన జూలై 22న చదివే పాఠాన్ని లూకా 7 నుండి యోహాను 20కి మార్చింది, 2016లో ఆ స్మరణదినాన్ని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచింది. నా మటుకు యోహాను 20 ఒక్కటే చాలు: తోటమాలి అనుకున్న మనిషి "మరియా" అని పిలవగానే ఆమె తిరిగి "రబ్బూనీ" (బోధకుడా) అంటుంది. అక్కడ ఆమె గతం ఎవరూ అడగలేదు.

గౌతమి తీరం: నిన్న మా బోధకునికి లూకా 7:50, 8:2 వచనాలు రెండూ పక్కపక్కన చూపించాను. పాత నోట్సులోంచి చెప్పానని ఒప్పుకున్నారు గానీ, "ఆ కథ తీసేస్తే, సంఘంలో వెనుక వరుసలో కూర్చునే స్త్రీలకు ఎవరిని చూపించను?" అని అడిగారు. లూకా 7లోని స్త్రీనే చూపించండి, పేరు లేకపోయినా కథ ఆమెదే కదా అన్నాను.