ఆరిక్యులా ఆకుల మీద తెల్ల పొడి, తెగులేనా? ఎండాకాలం దాటుతుందా?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి): డిసెంబరులో ఊటీ వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో ఆరిక్యులా అని చెప్పి మొక్క ఇచ్చారు. మందపాటి ఆకులు, గుత్తిగా పూలు, పువ్వు నడుమ తెల్లటి వలయం. ఇన్నాళ్ళూ బాగానే ఉంది. ఇప్పుడు ఆకుల నిండా బియ్యప్పిండి చల్లినట్టు తెల్ల పొడి. తడిగుడ్డతో తుడిస్తే పోతోంది, కానీ కొత్త ఆకు మళ్ళీ పొడితోనే వస్తోంది. కింది ఆకులు పసుపు పడుతున్నాయి. మిద్దె మీద పెట్టి రెండు పూటలా చెంబెడు నీళ్ళు పోస్తున్నా. శివరాత్రి కూడా అయిపోయింది, ఎండలు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు (రేణిగుంట): బూడిద తెగులు అక్కా. లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి కొట్టండి. నా గులాబీలకు అదే చేస్తా.

జవాబు (చిత్తూరు): ఆగమ్మా, ఏమీ కొట్టొద్దు. ఆ పొడి మొక్కదే. దాన్ని ఫరీనా అంటారు, పువ్వు నడుమ మీరు చెప్పిన తెల్ల వలయం కూడా అదే. ఆరిక్యులా పుట్టిల్లు ఆల్ప్స్ కొండల సున్నపురాయి సందులు. తుడిచిన ఆకు మీద మళ్ళీ రాదు, కొత్త ఆకుకు వస్తుంది. నూనె పడితే ఆ పొడి మొత్తం మరకలు కడుతుంది. బూడిద తెగులైతే మచ్చలు మచ్చలుగా మొదలై ఆకు ముడుచుకుంటుంది. పిండినల్లి అయితే దూదిలా ఉండి జిగురు కారుతుంది, చీమలు చేరతాయి.

ఈ పొడి వానకు కొట్టుకుపోతుందనే ఇంగ్లండులో ఆరిక్యులాలను కప్పు కింద మెట్లమెట్ల అరల్లో పెట్టి చూసుకునేవాళ్ళు. లాంకషైర్ నేతగాళ్ళు పోటీలకు పెంచేవాళ్ళట. మన నగరి, నారాయణవనం వైపు మగ్గం పక్కనే కనకాంబరం తొట్టి కనిపిస్తుందే, అట్లా అనుకోండి.

పొడి గురించి బెంగ వద్దు. నాకు భయం మీ చెంబు గురించే. ఒక్క మాట చెప్పండి, ఆకులు నున్నగా దళసరిగా ఉన్నాయా, పలచగా నూగుతో ఉన్నాయా? ఆరిక్యులా ప్రిములా జాతిదే, నూగున్న ప్రిములాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒబ్కోనికా అనేది ముట్టుకుంటే కొందరికి చేతులు దద్దుర్లెక్కుతాయి.

ప్రశ్న అడిగినవారు: నున్నగానే ఉన్నాయన్నా. దద్దుర్లేం లేవు. కుండీ ప్లాస్టిక్‌ది, మట్టి వాళ్ళిచ్చిందే, నల్లగా ఎప్పుడూ తడిగా ఉంటుంది.

జవాబు (చిత్తూరు): అయితే ఆరిక్యులానే. ఒకటో రెండో కింది ఆకులు పండితే అది వయసు. వరసగా పండి, మొదలు మెత్తబడితే కుళ్ళు. ఈరోజే కుండీ నుంచి తీసి చూడండి. వేళ్ళకు పైన క్యారెట్ లాంటి లావు మొదలుంటుంది, గోటితో నొక్కండి. గట్టిగా ఉంటే అదృష్టం. మెత్తగా గోధుమరంగులో ఉంటే శుభ్రమైన చాకుతో తెల్లటి కండ కనిపించేదాకా కోసి, గంధకం పొడి అద్ది, ఒక రోజు నీడలో ఆరనిచ్చి, తడి ఇసుకలో నాటండి. వేళ్ళ దగ్గర తెల్లటి దూది కనిపిస్తే మాత్రం అది వేళ్ళ రసం పీల్చే పేను, వేళ్ళు కడిగేయాలి. పక్క పిలకలుంటే విడదీసి వేరే నాటుకోండి. తల్లి పోయినా అవి మిగులుతాయి.

మళ్ళీ నాటేటప్పుడు మట్టి కుండీయే వాడండి, లోతుగా, ఇరుకుగా. సగం తోటమట్టి, తక్కిన సగం ముతక ఇసుక, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికపాటి తెల్ల గుళికలు), కొంచెం వర్మీకంపోస్టు. కోకోపీట్ ఎక్కువ వద్దు, తడి పట్టుకుంటుంది. వేలు రెండు కణుపుల లోతు దించితే పొడిగా తగిలినప్పుడే నీళ్ళు, అదీ ఆకుల మీద కాకుండా అంచు నుంచి. మిద్దె మీద నుంచి దించి, ఉత్తరం వైపు వరండాలో పొద్దుటి వెలుతురు మాత్రం తగిలే చోట పెట్టండి.

ఇక ఎండాకాలం సంగతి. దాపరికమెందుకు, తిరుపతిలో దాటడం కష్టం. పగలు 40 డిగ్రీలు దాటడం ఒక ఎత్తు, రాత్రి కూడా చల్లబడకపోవడం ఇంకో ఎత్తు. దీనికి చలికాలం చలి కావాలి, వేసవి చల్లగా ఉండాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఏసీ గదిలో పెట్టినా వెలుతురు చాలదు. చేయగలిగింది ఒకటే: కుండీని పెద్ద మట్టి తొట్టిలో దించి, మధ్యలో ఇసుక పోసి, ఆ ఇసుకనే తడుపుతూ ఉండండి. కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే వేళ్ళు చల్లగా ఉంటాయి. ఉక్కపోతగా ఉన్న రోజు పని చేయదు. ఆ నెలల్లో ఎరువు అసలు వేయొద్దు.

జవాబు (మదనపల్లె): నేనూ ఒకసారి విత్తనాలు తెప్పించి, పైన మట్టి కప్పకుండా చల్లి మొలిపించా. ఏప్రిల్‌లో అన్నీ పోయాయి. దగ్గర్లో హార్స్‌లీ హిల్స్ ఉంది, 1,265 మీటర్ల ఎత్తు. ఊటీ 2,240. మా ఊరు ఆ రెండింటికంటే చాలా కింద, ఆ చల్లదనం ఇక్కడ రాదు. పూల అంచుల ముచ్చటే కావాలంటే ఎడీనియం (ఎడారి గులాబీ) పెట్టుకోండి. ముదురు అంచు, లేత నడుమ ఉన్న రకాలు మెట్లమెట్ల అరలో ఆరిక్యులా అందమే ఇస్తాయి, పైగా మన ఎండంటే దానికి పండగ.

ప్రశ్న అడిగినవారు: తీసి చూశానన్నా. మొదలు ఒక పక్క మెత్తబడింది, కోసేశా. రెండు పిలకలు దొరికాయి. తల్లి ఇసుకలో, పిలకలు వరండాలో. చెంబు వంటింట్లోకి పోయింది. ఎడీనియం కూడా ఒకటి తెచ్చుకున్నా. దానికి కార్తీకం వానల్లో నీళ్ళు పోయాలా?

జవాబు (చిత్తూరు): చుక్క కూడా వద్దమ్మా. వాన తగలకుండా లోపలికి జరపండి.