తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ త్వరగా బరువు పెరిగితే మెదడుకు మేలేనా?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా పాప నెలలు నిండాకే 2.2 కిలోల బరువుతో పుట్టింది. ఇప్పుడు పద్నాలుగు నెలలు నిండాయి, బరువు 7.6 కిలోలు. పిల్ల బొద్దుగా ఉంటేనే మెదడు ఎదుగుతుందని మా అత్తగారు మూడు పూటలా నెయ్యి, పంచదార కలిపిన మెత్తటి అన్నం పెట్టమంటున్నారు. ఇలాంటి పిల్లలను తొందరగా లావు చేస్తే పెద్దయ్యాక మధుమేహం వస్తుందని మావారు అడ్డుపడుతున్నారు. ఎవరి మాట వినాలి?

గాజువాక తాతయ్య:
మీ అత్తగారి ఆదుర్దాను కొట్టిపారేయకండమ్మా. పుట్టినప్పుడు పెద్దవారి మెదడులో దాదాపు నాలుగో వంతు మాత్రమే ఉండే బిడ్డ మెదడు రెండేళ్లకల్లా ముప్పావు వంతుకు చేరుతుంది. నరాల తంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు పొర కూడా ఈ కాలంలోనే జోరుగా ఏర్పడుతుంది. భారత్, బ్రెజిల్, గ్వాటెమాలా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికాలలో పిల్లలను పుట్టుక నుంచి పెద్దయ్యే వరకు గమనించిన అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మొదటి రెండేళ్లలో బాగా ఎదిగినవారు చదువులో ముందున్నారని అందులో తేలింది. ఎప్పుడో రాబోయే మధుమేహానికి భయపడి ఈ రెండేళ్లను వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

పెదవాల్తేరు పాఠకురాలు:
తాతయ్యగారూ, ఆ పరిశోధనలో చదువుతో గట్టిగా ముడిపడింది ముఖ్యంగా పొడవు పెరగడం. రెండేళ్లు దాటాక పొడవుకు మించి పెరిగిన బరువు పెద్దయ్యాక కొవ్వుగా మిగిలిందే తప్ప చదువుకు పెద్దగా కలిసిరాలేదని కూడా అందులోనే ఉంది. పుణె పరిసర పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు, అయినా మన పిల్లలలో తగ్గింది కండే గానీ చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదని 2003లో ప్రచురించారు. అలాంటి ఒంటికి పంచదార దేనికి?

అసలు బొద్దుతనాన్ని చూసి నరాల ఎదుగుదలను అంచనా వేయడమే ప్రమాదం. బీ12 విటమిన్ తక్కువగా ఉన్న తల్లి పాలమీదే ఏడాది వరకు పెరిగే పిల్లలలో ఇన్‌ఫెంటైల్ ట్రెమర్ సిండ్రోమ్ అనే జబ్బు మన దేశంలో కనిపిస్తుంది. ఆ బిడ్డ చూడటానికి బొద్దుగానే ఉండవచ్చు, కానీ పాలిపోయి, నవ్వడం మానేసి, అంతకుముందు చక్కగా కూర్చున్నది కూర్చోలేకపోతుంది; చేతులు వణుకుతాయి. నెయ్యన్నంలో బీ12 గానీ ఇనుము గానీ చెప్పుకోదగినంత ఉండవు. మనం గొప్పగా చెప్పుకునే చోడి (రాగి) జావలోనూ బీ12 ఉండదు (ఈ మాటకు మా ఇంట్లోనే కోపాలు వచ్చాయి). గుడ్డు, ముళ్లు తీసిన చేప, పప్పు, పెరుగు పెట్టండి.

గాజువాక తాతయ్య:
పంచదార మానమనండి, ఒప్పుకుంటాను. నెయ్యి మాత్రం మానవద్దు. చిన్న పొట్టలో కొద్ది అన్నమే పడుతుంది కాబట్టి, ఆ కొద్దిలోనే శక్తి అందాలంటే ఈ వయసులో కొవ్వు ఉండాలి.

ఆరిలోవ అంగన్‌వాడీ కార్యకర్త:
నెయ్యి సంగతిలో తాతయ్యగారితో ఏకీభవిస్తున్నాను. అయితే అమ్మా, మీరు బరువొక్కటే చెప్పారు. పాప పొడవు ఎంత, తల చుట్టుకొలత ఎంత? ఏడాది ఆడపిల్లకు తల కొలత మధ్యస్థంగా 45 సెంటీమీటర్లు ఉంటుంది. పట్టుకోకుండా నిలబడుతోందా, ఒకటి రెండు మాటలు పలుకుతోందా? మీరు చెప్పిన బరువు తక్కువ వైపే ఉన్నా హద్దు లోపలే ఉంది. ఎదుగుదల పట్టికలో పాప బరువు గీత పైకి పోతోందో, కిందకు వంగుతోందో తెలియాలంటే పాత నెలల తూకాలు కావాలి. రేపు తల్లీబిడ్డల కార్డు తీసుకుని మీ కేంద్రానికి వెళ్లండి, రక్తహీనత పరీక్ష సంగతి పిల్లల డాక్టరుగారిని అడగండి.