‘వెన్నెఫర్’ బిరుదులో మొదటి పదం ఏది?

మృతుల లోకపు దేవుడైన ఒసిరిస్‌కు ప్రాచీన ఈజిప్టులో ఉన్న ‘వెన్నెఫర్’ అనే బిరుదు వ్యుత్పత్తి నాకు తేలడం లేదు. రెండవ పదం ‘నెఫర్’ అనీ, దానికి మంచి, సుందరం, సంపూర్ణం అనే అర్థాలున్నాయనీ స్పష్టమే. చిక్కంతా మొదటి పదంతోనే. అది ‘ఉండు’ అనే ధాతువు నుంచి పుట్టిందనుకున్నా, నకారం రెండుసార్లు వచ్చే ‘వెనెన్’ రూపమైతే ‘ఎల్లప్పుడూ మంచిగా ఉండేవాడు’ అన్న నిరంతరతా భావం వస్తుంది. ఒకే నకారం గల ‘వెన్’ అయితే ఆ భావం రాదు.

లిపిని పరిశీలించాను. తరచుగా కనిపించే రాతలో కుందేలు గుర్తు (‘వ్-న్’ అని చదివేది), దాని కింద ఒకే నీటి అల (నకారానికి గుర్తు), ఆ తర్వాత ‘నెఫర్’ గుర్తు ఉంటాయి. అచ్చులు రాయని లిపి కావడంతో అక్కడ ఏమీ తేలలేదు. గ్రీకు రూపమైన ‘ఒన్నోఫ్రిస్’లో ద్విత్వ నకారం చూసి ఆశపడ్డాను గానీ, ‘వెన్’ చివరి నకారమూ ‘నెఫర్’ మొదటి నకారమూ కలిసినా అదే ద్విత్వం ఏర్పడుతుంది కదా. వ్యాకరణ గ్రంథాలు అర్థం చెబుతున్నాయే తప్ప, ఆ నిర్ణయానికి ఆధారం చూపడం లేదు.

మొదటి పదం ‘వెనెన్’ అని చెప్పడానికి, రెండు అలలతో రాసిన ప్రాచీన శాసనపాఠం వంటి నిర్ణాయకమైన ఆధారం ఏది?